బనియన్ మీద ఎర్రమట్టి

రిఫరీ కావాలనుకునే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, "సార్, మొరటు ఫౌల్ ఎట్లా గుర్తుపట్టాలి?" అని అడుగుతుంటారు. రూల్సు పుస్తకం కొనుక్కొని చదవండి, అందులో ఉంటుంది అని చెప్పి పంపేస్తాను. వాళ్లు అడగని సంగతి ఒకటుంది. ఈ పనిలో మీ పక్కన ఇంకొక మనిషి కూడా ఈల పట్టుకుని నిలబడతాడు. జనం అతన్నే చూస్తారు. మీరు సరిగ్గా చెప్పినా, అతను తలూపితే గాని నమ్మరు. అప్పుడు కడుపులో పుట్టే మంట గురించి ఏ పుస్తకమూ రాయదు కాబట్టి నేను రాస్తున్నాను. నా మంట పేరు ఖాదర్ సాబ్.

మురం మైదానం

నేను పుట్టింది పాతబస్తీ యాకుత్‌పురాలో, రైలు స్టేషన్‌కు దగ్గర్లో. ఇంటి వెనక బర్రెల కొట్టం ఉండేది. మా బాపు పాలు, మజ్జిగ అమ్మేవాడు. నేను ఒక బడిలో డ్రిల్ మాస్టర్‌గా చేరాక కూడా బర్రెలకు గడ్డి వేశాకే ఇల్లు కదిలేవాణ్ని. మా బళ్లో బాస్కెట్‌బాల్ అప్పుడప్పుడే మొదలైంది. రూల్సు పుస్తకం ఇంగ్లీషులో ఉంటే హెడ్‌మాస్టర్ ఉర్దూలో చెప్పారు, నేను తెలుగులో అర్థం చేసుకున్నాను. ఆ మూడు భాషల మధ్య ఏమేం జారిపోయాయో నా చేతిలో ఫౌళ్లు తిన్న ఆటగాళ్లకే తెలియాలి.

అవి గోల్ పడిన ప్రతిసారీ బంతిని మళ్లీ మధ్యలోకి తెచ్చి ఎగరేసే రోజులు. తర్వాత ఆ పద్ధతి తీసేశారు. మైదానం అంటే మురం, అంటే కంకరమట్టి, పోసి నీళ్లు చల్లి తొక్కిన నేల. రింగులు కమ్మరి చేసినవి. చాలామంది ఒట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక రబ్బరు దొరక్క, పాత బంతులకే చెప్పులు కుట్టే మోచీతో అతుకులు వేయించుకున్నాం. అతుకు పడ్డ వైపు నేలకు తగిలితే బంతి తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోయేది. దాన్ని పట్టుకోవడానికి పది చేతులు ఒకేసారి వచ్చేవి. అక్కడ మొదలయ్యేది రిఫరీ పని.

ఇది ఒళ్లు తగలని ఆట అని పుస్తకం చెబుతుంది. పాతబస్తీలో ఈ మాట చెబితే నవ్వేవాళ్లు. మాకు ఆటగాళ్లు వచ్చిందే తాలీంల నుంచి. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. ప్రతి మొహల్లాకూ, అంటే ప్రతి పేటకూ, ఒకటి ఉండేది. పొద్దునా సాయంత్రం అక్కడ ఎర్రమట్టిలో పొర్లిన పిల్లలే బాస్కెట్‌బాల్‌కూ వచ్చేవాళ్లు. వాళ్లకు ఎదుటి మనిషి ఒంటిని పట్టుకోవడం తప్పు కాదు, చదువు. అలాంటి వాళ్లకు 'తాకొద్దు' అని నేర్పాలి, తాకితే ఎంతవరకు తప్పో తేల్చాలి. ఆ రోజుల్లో నాలుగు ఫౌళ్లు చేస్తే మనిషి బయటికి వెళ్లిపోవాలి. కావాలని కొడితే మాత్రం ఒక్క దెబ్బకే పంపేయాలి. ఆ 'కావాలని' అన్న మాట దగ్గరే రిఫరీల బతుకంతా గడిచిపోతుంది.

నాకు దానికి ఒక ఉపాయం దొరికింది, అదీ మా కొట్టంలోనే. పొడవబోయే బర్రె తల ఊపదు, ముందు కాలు నేలకు గట్టిగా ఆనిస్తుంది. మనుషులూ అంతే. గాల్లోకి ఎగిరి ఒకరి మీద ఒకరు పడితే ఎంత పెద్ద దెబ్బ తగిలినా అది ఆటే. కాలు పాతి, బంతి వైపు చూడకుండా మోచెయ్యి విసిరితే అది చిన్న దెబ్బయినా పొడవడమే. కాబట్టి చేతులు చూడకండి, కాళ్లు చూడండి. ఇది నా సొంతం. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎవరూ మెచ్చుకోనూ లేదు.

శాబాష్

కాళ్లు చూసినా తప్పులు పోలేదు. మొదటి ఏడే ఒకటి చేశాను. తాలీం కుర్రాడు ఒకడు గుద్దుకుని ఎదుటివాణ్ని పడేశాడు. పడ్డవాడు లేచాడు. లేవగానే వీడు వాడి వీపు మీద ఫెడీమని చరిచాడు. పడేసింది చాలక మళ్లీ కొట్టాడని నేను వాణ్ని మైదానం నుంచి పంపేశాను. వాడు ఏడుపు మొహం పెట్టాడు. దెబ్బ తిన్నవాడే నా దగ్గరికి వచ్చి, "నన్నేం గొట్టలె సార్, వాణ్నెందుకు పంపిన్రు?" అన్నాడు. చుట్టూ నవ్వులు.

అప్పుడే మొదటిసారి, ఆ ఆటలో రెండో ఈల పట్టిన ఖాదర్ సాబ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టర్, తాలీంల పడి లేచినోని వీపు చరుస్తరు. శాబాష్ అన్నట్టు. చరవకుంటెనే తప్పు. పిలువుండ్రి వాణ్ని లోపలికి," అన్నాడు. పిలిచాను. అతను చెప్పింది చిన్న మాటే, మంచి మాటే. కానీ అందరి ముందు చెప్పాడు. అది మొదలు అతనంటే నాకు పడలేదు.

తెల్ల బూట్ల మనిషి

ఖాదర్ సాబ్‌ది పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం. కాలేజీలో చదివాడు, ఇంగ్లీషు రూల్సు పుస్తకం నేరుగా చదువుకునేవాడు. చిన్నప్పటి నుంచి తాలీంలో కసరత్తు చేసినవాడు. మైదానానికి తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చేవాడు. వాటికి రోజూ సుద్ద పూయించేవాడట. ఈల మెడలో కాదు, చేతికి పట్టు దారంతో కట్టుకునేవాడు. అణకువ అన్న మాట అతని దగ్గర వెతకొద్దు. చప్పట్లు పడితే అటు తిరిగి నిలబడేవాడు, ఇంకా నాలుగు పడాలని.

చూడ్డానికి బాగుంటాడన్నది ఒక బాధ. ఎంత నెమ్మదిగా ఈల ఊదినా మైదానం ఆగిపోతుందన్నది ఇంకో బాధ. నేను బుగ్గలు పగిలేలా ఊదినా "ఏంది మాస్టర్, ఏమైంది?" అని అడిగేవాళ్లు. చాయ్ హోటలాయన అతనికి గ్లాసు మీద మలాయి వేసి ఇచ్చేవాడు. ఆ మలాయి మా బర్రెల పాలదే, నాకు మాత్రం ఒట్టి చాయ్. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఒకసారి మా ఆవిడ మైదానం పక్కింట్లో పాలు పోసి, గోడ దగ్గర నిలబడి కాసేపు ఆట చూసింది. ఇంటికి వచ్చాక, "గాయన ఎవరయ్యా, తెల్ల బూట్లాయన? మస్తు నిమ్మళంగ చెప్తున్నడు. నువ్వేమో మంది మీద పడుతున్నవ్," అంది. ఆ పూట నేను అన్నం సగంలోనే లేచాను.

అతని పద్ధతి ఒకటి నాకు అసలు నచ్చేది కాదు. ఎవరైనా పడిపోతే ఈల ఊది, వెంటనే ఫౌల్ ఎవరిదో చెప్పడు. ముందు పడ్డవాడి దగ్గరికి నడిచి వెళతాడు. చెయ్యిచ్చి లేపుతాడు. వాడి బనియన్ మీద దుమ్ము మెల్లగా దులుపుతాడు. అప్పుడు తిరిగి, ఇది ఇంతటి ఫౌల్ అని చెబుతాడు. చెబితే ఎదురు మాట ఉండదు. నేను దాన్ని నాటకం అనుకున్నాను. జనం చూడ్డానికి చేసే సోకు అనుకున్నాను. తర్వాత నేనూ రెండుసార్లు చేసి చూశాను. నేను దులిపితే జనం, "మాస్టర్, వాణ్ని ఉతుకుతున్నవా ఏంది?" అని అరిచారు.

ఒకనాడు ఇద్దరం ఒకే పడ్డవాడి దగ్గరికి ఒకేసారి చేరాం. అప్పుడు చూశాను. తాలీం పిల్లలు ఆటకు వచ్చేది నేరుగా కుస్తీ గోదాలోంచి. ఒళ్లు ఎంత తుడుచుకున్నా చేతులకు, మోచేతులకు ఎర్రమట్టి నూనెతో అంటుకునే ఉంటుంది. వాళ్లు ఎవరిని తాకితే వాళ్ల తెల్ల బనియన్ మీద ఆ గుర్తు పడుతుంది. అరచెయ్యి గుర్తు పడితే తోశాడు. పొడుగ్గా పడితే ముంజేత్తో అడ్డుకున్నాడు. గుండ్రంగా చిన్నది పడితే మోచేత్తో పొడిచాడు. ఖాదర్ సాబ్ దులిపేది దుమ్ము కాదు, ఆ గుర్తు. ముందు చూసుకుంటాడు, తర్వాత చెరిపేస్తాడు.

నాకు ఎంత కడుపు మండిందో చెప్పలేను. ఆ గోదా మట్టిలో కలిపే మజ్జిగ మా ఇంటిది. మా బాపు కుండతో తీసుకెళ్లి పోసేవాడు, నేనూ పోశాను. ఆ మట్టి వాసన నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అది బనియన్ మీద కనిపిస్తుందన్న సంగతి మాత్రం పత్తర్‌గట్టి ఆయనకు తట్టింది, నాకు తట్టలేదు. అసూయలో కూడా రకాలున్నాయి. లేనిది ఎదుటివాడికి ఉందన్న అసూయ చిన్నది. మన ఇంటి వస్తువును ఎదుటివాడు మనకంటే బాగా వాడుకున్నాడన్నది నిద్ర పట్టనివ్వదు.

ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. చూస్తే చూశాడు, చెరపడం ఎందుకు? తన తాలీం వాళ్ల తప్పు దాచడానికా? ఆ మాట నోటితో అనలేదు గాని, చాలా రోజులు మనసులో పెట్టుకుని తిరిగాను.

వకీల్ సాబ్ తీర్పు

మా పోటీలన్నీ జరిపించేది ఒక వకీలు. అందరం వకీల్ సాబ్ అనేవాళ్లం. అప్పట్లో ఆటకు ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు రిఫరీ, చివరి మాట అతనిది. ఇంకొకరు అంపైర్, సాయం ఉండే మనిషి. ప్రతి ఏడూ ఫైనల్‌కు రిఫరీ ఖాదర్ సాబ్, అంపైర్ నేను. ఒక్క ఫైనల్‌కు రిఫరీగా నిలబడాలని, ఒక్కసారి నా మాటకు ఆ మైదానం ఆగాలని నాకు ఎంత కోరిక ఉండేదో ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

యుద్ధం సాగుతుండగానే ఒక ఏడు మా మొహల్లా తాలీం జట్టు, ఉస్మాన్‌గంజ్ వ్యాపారుల పిల్లల జట్టు ఫైనల్‌కు వచ్చాయి. వకీల్ సాబ్ నన్ను పిలిచి, "మల్లేశం, ఈసారి రిఫరీవి నువ్వే," అన్నాడు. గుండె ఎగిరి గంతేసింది. ఆయన అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

"ఖాదర్ ఆ తాలీం మనిషి గద. రేపు ఉస్మాన్‌గంజోళ్లు మాట అంటరు. లేకుంటె ఖాదర్‌నే పెడుదునంటిని. నువ్వు ఫికర్ జెయ్యకు, వాడు పక్కనే ఉంటడు," అన్నాడు.

పై అధికారులు పని ఇచ్చే పద్ధతి గురించి నా అభిప్రాయం ఇదే. ఇచ్చేది ఇస్తారు, తినేముందు అందులో కాస్త ఇసుక వేస్తారు. నేను తలూపి బయటికి వచ్చాను.

ఫైనల్

తాలీం జట్టు నాయకుడు గౌస్. నిలబడితే గుమ్మానికి తలుపు వేసినట్టు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కోపం ఎక్కువ. ఉస్మాన్‌గంజ్ జట్టులో వెంకటేశం అని సన్నటి కుర్రాడు, నూనె వ్యాపారి కొడుకు. గౌస్ చంకలోంచి దూరి దూరి గోల్స్ వేస్తున్నాడు. వాడు వేసిన ప్రతిసారీ ఉస్మాన్‌గంజ్ వాళ్లు గౌస్ పేరు పెట్టి ఎగతాళి చేస్తున్నారు. ఇది ఎటు పోతుందో నాకు తెలుస్తూనే ఉంది.

చివరి భాగంలో బంతి రింగుకు తగిలి పైకి లేచింది. వెంకటేశం ఎగిరాడు. గౌస్ ఎగరలేదు. ఎడమ కాలు మురంలో పాతి నిలబడ్డాడు. నేను ఆ కాలునే చూస్తున్నాను. మోచెయ్యి వెళ్లి వెంకటేశం పక్కటెముకల్లో దిగింది. వాడు కుప్పగా పడ్డాడు.

ఈల ఊదాను. "గౌస్, బయటికి!" అన్నాను.

మైదానం గోలగోల అయిపోయింది. గౌస్ కదల్లేదు. "నేనేం జేసిన మాస్టర్? బాల్ కోసం పోయిన. వాడే వచ్చి తాకిండు," అన్నాడు. తాలీం వాళ్లు మైదానం చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వచ్చారు. అటు నుంచి ఉస్మాన్‌గంజ్ వాళ్లూ వచ్చారు. ఎవరో అరిచారు, "ఖాదర్ సాబ్‌ను అడుగుండ్రి!" ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి మైదానమంతా అదే మాట. చివరి మాట నాది. పుస్తకంలో అలాగే రాసుంది. ఒక్కడూ నా వైపు చూడ్డం లేదు.

ఖాదర్ సాబ్ రెండో రింగు దగ్గర ఉన్నాడు. దెబ్బ అతను చూసే వీల్లేదు. మెల్లగా నడిచి వచ్చాడు, తెల్ల బూట్లకు మురం అంటకుండా. వెంకటేశాన్ని లేపి కూర్చోబెట్టాడు. అప్పుడు నాకు కనిపించింది. తెల్ల బనియన్ మీద, పక్కటెముకల దగ్గర, గుండ్రంగా ఎర్రమట్టి. ఎవరినైనా పిలిచి చూపిస్తే చాలు, నా మాట గెలిచినట్టే. "ఖాదర్ సాబ్," అన్నాను. అతను నా కళ్లలోకి చూశాడు. ఆ గుర్తును చూశాడు. అరచేత్తో ఒక్కసారి, ఇంకోసారి దులిపి చెరిపేశాడు.

నా ఒళ్లు మండిపోయింది. దాచుకున్న అనుమానమంతా నిజమేనని అనిపించింది. అక్కడే అతని కాలర్ పట్టుకునేవాణ్ని.

అతను లేచి గౌస్ వైపు తిరిగాడు. "ఏమైందో నన్నడుగుతరేంది? నేను దూరం ఉన్న, చూడలె. సీటీ మాస్టర్‌ది. నడువ్," అన్నాడు నా ఈల వైపు చెయ్యి చూపించి.

"భాయ్..." అన్నాడు గౌస్.

"నడువ్ అన్న గద."

గౌస్ తల వంచుకుని తాడు దాటి వెళ్లిపోయాడు. గోల చల్లారింది. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరికో చెప్పాలా? ఖాదర్ సాబ్ అటు తిరిగి నిలబడ్డాడు. వెంకటేశం ఫ్రీ త్రో వేశాడు. తాలీం జట్టు ఓడిపోయింది. లొల్లి మాత్రం జరగలేదు. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు.

మలాయి

హోటల్లో అతను కూర్చున్న బెంచీ దగ్గరికి నేరుగా వెళ్లాను. "ఎందుకు చెరిపిన్రు?" అని అడిగాను. "ఆ మట్టి అందరికి సూపిస్తె నా మాట నిలుస్తుండె గద!"

"నిలుస్తుండె," అన్నాడు. "కాని నీ మాట గాదు మాస్టర్, మట్టి మాట నిలుస్తుండె. రేపటి సంది ప్రతి ఫౌల్‌కు గుర్తు సూపియ్యమంటరు. గుర్తు పడని దినం ఏం జేస్తవ్? ఇంకోటి, ఆ మచ్చ ఉస్మాన్‌గంజోళ్లు చూస్తె బజార్ దాకా పోతుండె లొల్లి. నేను ఎప్పుడు గిట్లనే చెరిపేస్త. తప్పు నేను చూసుకుంట, మందికి సీటీ వినిపిస్త. ఇయ్యాల గౌస్ నీ సీటీకి బయటికి నడిచిండు. అందరు చూసిన్రు. ఇగ ఎవ్వడన్న నడుస్తడు."

"నా సీటీకి నడవలె. మీరు నడువ్ అంటె నడిచిండు."

అతను చాయ్ ఒక గుక్క తాగాడు. "అది గూడ నిజమే," అని పెద్దగా నవ్వాడు.

"మరి చప్పట్లు?"

"అవి నాయే. అవి నీకెందుకిస్త?"

చెంప పగలగొట్టాలనిపించింది. హోటలాయన అతని గ్లాసు మీద మలాయి వేశాడు. ఖాదర్ సాబ్ చెంచాతో ఆ మలాయి తీసి నా గ్లాసులో వేశాడు. తాగాను. రుచిగా ఉంది. అందుకు కూడా కోపం వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా ఆ ఆలోచన నాకెందుకు రాలేదన్న కోపం. ఈ రోజుకీ పోలేదు.

సిమెంటు నేల

కొన్నేళ్లకు ఖాదర్ సాబ్ దుకాణం తమ్ముళ్లకు అప్పజెప్పి అత్తగారి ఊరు ఔరంగాబాద్ వెళ్లిపోయాడు. ఇక నేనే పెద్ద రిఫరీని. సంతోషపడాలని చాలా ప్రయత్నం చేశాను. "ఖాదర్ సాబ్ ఉంటె ఎట్ల చెప్తుండెనో" అని ఎవరో ఒకరు అంటూనే ఉండేవాళ్లు. మనిషి ఎదురుగా ఉంటే పోటీ పడొచ్చు, ఊళ్లో లేని మనిషితో ఎలా పోటీ పడాలో నాకు అర్థం కాలేదు.

తర్వాత సిమెంటు నేలలు వచ్చాయి, అందరి కాళ్లకూ బూట్లు వచ్చాయి. తాలీంలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. బనియన్ మీద ఎర్రమట్టి పడడం ఆగిపోయింది. నేను కాళ్లు చూస్తూనే ఉన్నాను, అదే నన్ను నిలబెట్టింది. పడ్డవాడి దగ్గరికి నడిచి వెళ్లి, లేపి, బనియన్ దులపడం కూడా ఎప్పుడు అలవాటైందో తెలియదు. ఆ కాస్త సమయంలో కొట్టినవాడి కోపం దిగుతుంది, పడ్డవాడి భయం తగ్గుతుంది, నా తల చల్లబడుతుంది. అప్పుడు చెప్పిన మాటకు ఎదురు ఉండదు. కొత్తగా ఈల పట్టే పిల్లలూ, ఇది మాత్రం నేర్చుకోండి. ఎవరిదని అడగొద్దు.

నా ఆఖరి ఆట మా మొహల్లాలోనే జరిగింది. చూడ్డానికి వచ్చిన ముసలివాళ్లలో గౌస్ ఉన్నాడు. కళ్లద్దాలు మందమయ్యాయి, చూపు అంతంతమాత్రం. ఆటలో ఒక పిల్లవాడు గుద్దుకుని పడ్డాడు. నేను ఈల ఊది, నడిచి వెళ్లి, చెయ్యిచ్చి లేపాను. దుమ్మే లేని బనియన్‌ను మెల్లగా దులిపాను. తిరిగి ఫౌల్ చెప్పాను. కిక్కురుమనలేదు ఎవరూ.

అప్పుడు బెంచీ మీద నుంచి గౌస్ గొంతు వినిపించింది. "వాహ్, ఖాదర్ సాబ్! వాహ్!"

ఆ పిల్లలకు ఖాదర్ సాబ్ ఎవరో తెలియదు. రిఫరీ పేరు అదే అనుకున్నారు. "ఖాదర్ సాబ్! ఖాదర్ సాబ్!" అని మైదానమంతా చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగం మొత్తంలో నాకు అన్ని చప్పట్లు ఎన్నడూ పడలేదు.

నేను మల్లేశాన్ని అని అరిచి చెబుదామనుకున్నాను. అప్పటికే ఈల మళ్లీ నోట్లో పెట్టుకున్నాను. చప్పట్లు వచ్చే వైపు తిరిగి, ఇంకో నాలుగు పడేదాకా నిలబడ్డాను.